నాయన ఊపిరికి ఐదంకెల నంబరు

"ఏమిరా, చిన్నాయనకి గొట్టం పెట్టినారా?"

కుప్పం నుంచి అక్క ఫోన్లో అడిగిన మొదటి మాట ఇది. అప్పటికి రాత్రి ఎనిమిదైంది. నేను ఆస్పత్రి బిల్లు కౌంటర్ ముందు నిలబడి ఉన్నాను. పొద్దున పది గంటలకే డిశ్చార్జ్ అన్నారు. ఇంకా పంపలేదు. ఇన్సూరెన్స్ వాళ్ల నుంచి ‘క్వెరీ’ వచ్చిందట. ఆ క్వెరీ ఏంటో కౌంటర్లో కూర్చున్న అమ్మాయికీ సరిగ్గా తెలియదు. ఏం చేయాలో తోచక బిల్లునీ, డిశ్చార్జ్ సమ్మరీనీ ఫొటో తీసి అక్కకి వాట్సప్‌లో పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ చేసింది.

"లేదక్కా. సూదితోనే నీళ్లు తీసినారు. రెండు తూర్లు."

"మరి బిల్లులో ఐసీడీ ఇన్సర్షన్ అని ఎందుకుండాది? అది గొట్టం కదరా. సమ్మరీలో ఏమో ఆస్పిరేషన్ అని రాసినారు. ఒక కాగితంలో సూది, ఇంకో కాగితంలో గొట్టం. ఎవరైనా ఆపుతారు."

అక్క డాక్టర్ కాదు. నర్సు కాదు. మా పెద్దమ్మ కూతురు. కుప్పంలో ఇంట్లోనే కూర్చుని, చెన్నై కంపెనీకి మెడికల్ కోడింగ్ చేస్తుంది. అంటే అమెరికాలో ఎవరికో జరిగిన వైద్యాన్ని ఇక్కడ చదివి, దానికి సరిపోయే నంబర్లు వేస్తుంది. ఏడేళ్లుగా అదే పని. నేనేమో బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఇంట్లో పెళ్లిళ్లప్పుడు కలిస్తే "నీ కోడింగ్ వేరు, నా కోడింగ్ వేరు" అని నవ్వుకునేవాళ్లం. ఆ రాత్రి మాత్రం నా కోడింగ్ ఎందుకూ పనికిరాలేదు. అక్కదే పనికొచ్చింది.

నెమ్ము చేరింది

మాది పుంగనూరు దగ్గర పల్లె. నాయన టమోటా పండిస్తాడు. కోతలప్పుడు తెల్లారేసరికి మదనపల్లె మార్కెట్లో ఉండాలి. అలాంటి మనిషి మూడు వారాలు దగ్గుతూనే క్రేట్లు ఎత్తాడు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. గట్టిగా ఊపిరి తీస్తే కుడి పక్క పొడిచినట్టు ఉంటోందని చెప్పాడు. అదీ నాతో కాదు, అమ్మతో. అమ్మ నాతో చెప్పేసరికి ఇంకో వారం గడిచింది.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా వచ్చింది. ఊళ్లో అందరూ చెప్పే మాట ఒకటుంది కదా, ‘నెమ్ము చేరింది’ అని. అదే. డాక్టర్ భాషలో ప్లూరల్ ఎఫ్యూజన్. మా కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాయనలకు కూడా కవర్ ఉంది కాబట్టి దగ్గర్లోని ఓ పట్టణంలో ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. మొదటి రోజు 900 మిల్లీలీటర్ల నీళ్లు తీశారు. రెండు రోజుల తర్వాత ఇంకో 600. ఆ నీళ్లు గడ్డి రంగులో ఉన్నాయి. పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే టీబీ.

ఆ పొర గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే బిల్లు గొడవంతా అక్కడే ఉంది.

ఊపిరితిత్తి చుట్టూ రెండు పలచటి పొరలు ఉంటాయి. ఒకటి ఊపిరితిత్తిని అంటిపెట్టుకుని ఉంటుంది, ఇంకోటి పక్కటెముకల లోపలి వైపు ఉంటుంది. రెండింటి మధ్యా కొద్ది మిల్లీలీటర్ల తడి. ఆ తడి ఉంటేనే ఊపిరి తీసినప్పుడల్లా పొరలు ఒకదానిమీద ఒకటి జారుతాయి. టీబీ వల్లో, నిమోనియా వల్లో, క్యాన్సర్ వల్లో, గుండె బలహీనపడటం వల్లో అక్కడ నీళ్లు పెరిగితే ఊపిరితిత్తికి విచ్చుకునే చోటుండదు. మనిషికి ఆయాసం.

ఆ నీళ్లు తీయడానికి మామూలుగా మూడు దారులు. మొదటిది సూది. రోగిని కూర్చోబెట్టి, ముందుకు వంచి, వీపు వైపు నుంచి పక్కటెముక పై అంచుకు ఆనించి సూది దింపుతారు. కింది అంచు వెంబడి రక్తనాళాలు, నరం ఉంటాయి కాబట్టి అటు పోరు. నీళ్లు తీశాక సూది బయటికి వచ్చేస్తుంది. రెండోది సన్నటి గొట్టం. సూది దారిలోనే లోపలికి పంపి, కొన్ని రోజులు అలాగే ఉంచేస్తారు. మూడోది చర్మం కోసి, దారి చేసి పెట్టే పెద్ద గొట్టం. చీము పట్టినా, ప్రమాదంలో రక్తం చేరినా దీని అవసరం పడుతుంది.

నాయనకు జరిగింది మొదటిది. బిల్లులో పడింది మూడోది.

ఒకే పని, నాలుగు నంబర్లు

"అమెరికాలో అయితే ఇది ఎట్లా రాస్తారు?" అని తర్వాత ఒక ఆదివారం కుప్పం పోయినప్పుడు అక్కని అడిగాను. అక్క ఒక పాత నోట్‌బుక్ తెచ్చి ముందు పెట్టింది. పేజీ నిండా 32తో మొదలయ్యే అంకెలే.

అమెరికాలో డాక్టర్ చేసే ప్రతి పనికీ ఐదంకెల నంబరు ఉంటుంది. దాన్ని సీపీటీ కోడ్ అంటారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో ఆ పుస్తకాన్ని మొదటిసారి తెచ్చింది. ఏటా జనవరి 1న కొత్తది అమల్లోకి వస్తుంది. ఛాతీలో నీళ్లు తీసే పనికి అక్కడ ఇప్పుడు వాడే నంబర్లు చూడండి.

సూదితో తీసి, సూది బయటికి తీసేస్తే, స్కానింగ్ సాయం లేకపోతే 32554. అదే పని అల్ట్రాసౌండ్ లాంటిది చూస్తూ చేస్తే 32555. సన్నటి గొట్టం పెట్టి లోపలే ఉంచేస్తే, స్కానింగ్ లేకుండా 32556. స్కానింగ్‌తో 32557. చర్మం కోసి పెట్టే పెద్ద గొట్టానికి 32551.

ఒక్క అంకె తేడా. కానీ ఆ ఒక్క అంకెతో డబ్బు మారిపోతుంది, జరిగిన కథే మారిపోతుంది.

"మరి ఏ నంబరు వేయాలో నీకెట్లా తెలుస్తుంది? నువ్వు అక్కడ లేవు కదా" అన్నాను.

"డాక్టర్ రాసిన నోట్ చదవాల. అంతే. ఆయన రాసిందే నాకు జరిగింది. రాయనిది జరగలేదు."

ఈ మాట కోడర్లకి మొదటి రోజు క్లాసులోనే చెబుతారట. డాక్టర్ నిజంగానే అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తూ సూది దింపి ఉండొచ్చు. కానీ ఆ మాట నోట్‌లో లేకపోయినా, ఆ చిత్రాన్ని భద్రపరచకపోయినా కోడర్ 32555 వేయకూడదు. 32554 దగ్గరే ఆగిపోవాలి. కుడి వైపా ఎడమ వైపా రాయకపోతే వెనక్కి పంపి అడగాలి. గొట్టం లోపలే ఉంచారా, నీళ్లు తీశాక లాగేశారా అన్నది రాయకపోతే 32554, 32556ల మధ్య తేల్చడానికి దారే లేదు. అక్కడ ఊహించడం తప్పు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకే వైపు ముందు సూదితో చూసి, అదే కూర్చోబెట్టిన దఫాలో గొట్టం పెట్టారనుకోండి. రెండు నంబర్లు వేసి రెండింటికీ డబ్బు అడగకూడదు. పెద్ద పనికి ఒక్కటే వేయాలి. అలాగే 32555లో అల్ట్రాసౌండ్ ఖర్చు కలిసే ఉంటుంది. దానికి విడిగా ఇంకో నంబరు పెడితే ఒకే పనికి రెండు బిల్లులు వేసినట్టు. 2013కి ముందు ఇలా ఉండేది కాదు. అప్పట్లో సూదికి 32421, గొట్టానికి 32422. స్కానింగ్‌కి వేరే నంబరు. ఈ రెండు పనులూ ఎక్కువగా కలిసే జరుగుతున్నాయని గమనించి, పాతవి తీసేసి ఈ నాలుగు తెచ్చారు.

ఇది చేసిన పనికి నంబరు. చేయడానికి కారణమైన జబ్బుకు ఇంకో నంబరు ఉంటుంది. దాని పేరు ఐసీడీ. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ అన్నమాట. కారణం తెలియని నీటికి జె 90. క్యాన్సర్ వల్ల చేరిన నీటికి జె 91.0. టీబీ వల్ల అయితే ఎ 15.6. టీబీ అని తేలాక జె 90 వేయకూడదని ఆ పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఇంకా ముచ్చటేంటంటే, అమెరికాలో అవుట్‌పేషెంట్‌గా వచ్చిన మనిషి కాగితంలో డాక్టర్ ‘టీబీ అని అనుమానం’ అని రాస్తే, టీబీ నంబరు వేయడం కుదరదు. అనుమానానికి నంబరు లేదు. దగ్గు, ఆయాసం లాంటి లక్షణాలకే వేయాలి. ఒక మనిషి రికార్డులో లేని జబ్బు ఎక్కితే అది ఏళ్ల తరబడి వెంటాడుతుంది కాబట్టి.

రెండు ఐసీడీలు

ఇక్కడే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. మన ఆస్పత్రుల్లో ఐసీడీ అంటే వేరే. ఇంటర్‌కాస్టల్ డ్రెయినేజ్. పక్కటెముకల మధ్య నుంచి పెట్టే గొట్టం. వార్డులో ఎవరిని అడిగినా ‘ఐసీడీ పేషెంట్’ అంటే పక్కన సీసా, దానికి గొట్టం ఉన్న మనిషి. అక్క టేబుల్ మీద ఐసీడీ అంటే జబ్బుల పుస్తకం. ఒకే మూడక్షరాలు. ఒకటి మనిషి ఛాతీలోకి పోతుంది, ఇంకోటి కంప్యూటర్లోకి.

నాయన బిల్లులో ఉన్నది మొదటి ఐసీడీ. ఒకటికి రెండు సార్లు వేశారు.

ఆ రాత్రి అక్క చెప్పినట్టే చేశాను. "అరవొద్దు. మోసం అనొద్దు. ‘ప్రొసీజర్ నోట్ చూపించండి, అందులో ఏముందో బిల్లులో అదే వేయండి’ అని మాత్రం అడుగు" అంది. అడిగాను. డ్యూటీ డాక్టర్ ఫైల్ తెప్పించాడు. అందులో ఆయన చేతిరాతతోనే ఉంది. కుడి వైపు, అల్ట్రాసౌండ్ చూస్తూ, సూదితో, 900 మిల్లీలీటర్లు. గొట్టం మాటే లేదు. ఆయన కూడా బిల్లు చూసి ఆశ్చర్యపోయాడు. కౌంటర్లో అమ్మాయిని పిలిచి అడిగాడు.

ఆ అమ్మాయి చెప్పింది విని నాకు నోట మాట రాలేదు. "సార్, సిస్టమ్‌లో ఛాతీ కింద మూడే వస్తాయి. ఐసీడీ ఇన్సర్షన్, ఐసీడీ రిమూవల్, బ్రాంకోస్కోపీ. నీళ్లు తీసేది లేదు. దగ్గరగా ఉండేది పెట్టినాను. ఏదో ఒకటి పెట్టకపోతే బిల్లు సేవ్ కాదు."

బిల్లు మార్చారు. 9,500 రూపాయలు తగ్గింది. గంటన్నరలో ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకున్నారు. రాత్రి పదకొండుకి నాయనని కారెక్కించాం. "ఇంత సేపెందుకు పట్టిందిరా?" అని అడిగాడు. "సూదికీ గొట్టానికీ తేడా రాయడం మర్చిపోయినారు నాయనా" అన్నాను. "నాకు తెలీదా ఏం పెట్టినారో? నన్నే అడిగుంటే చెప్తాను కదా" అన్నాడు.

నిజమే. మొత్తం ఆస్పత్రిలో ఆయన్నొక్కణ్నే ఎవరూ అడగలేదు.

ఈ నేలకు ఊపిరి లెక్క కొత్త కాదు

టీబీ అని తెలిసిన రోజు నాయన అన్న మొదటి మాట, "అయితే ఆరోగ్యవరం పోవాల్నా?" మా వైపు పెద్దవాళ్లకి క్షయ అంటే ఆరోగ్యవరమే గుర్తొస్తుంది. మదనపల్లె పక్కన 1912లో మొదలైన యూనియన్ మిషన్ టీబీ శానిటోరియం అది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నిలబెట్టారు. పొడి గాలి, ఎత్తు ప్రాంతం, విశ్రాంతి, మంచి తిండి. మందులు లేని రోజుల్లో అదే వైద్యం.

ఆ కాలంలో శానిటోరియాల్లో ఇంకో చికిత్స ఉండేది. ఇప్పుడు మనం ఏ పొరల మధ్య నుంచి నీళ్లు తీస్తున్నామో, అదే చోట కావాలని గాలి నింపేవాళ్లు. జబ్బు ఉన్న ఊపిరితిత్తి ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుందని, పుండు మానుతుందని నమ్మకం. ఆ గాలి పీల్చుకుపోయేది కాబట్టి మళ్లీ మళ్లీ నింపాల్సి వచ్చేది. స్ట్రెప్టోమైసిన్ 1943లో దొరికాక, ఒకటొకటిగా ఇతర మందులు వచ్చాక ఆ పద్ధతి మూలపడింది. కానీ అక్క నోట్‌బుక్‌లో దానికీ ఒక నంబరు ఉంది. 32960. చికిత్స కోసం పొరల మధ్య గాలి నింపడం. "ఏడేండ్లలో ఒక్కసారి కూడా వేయలేదు" అంది అక్క.

మదనపల్లెకి ఇంకో పేరు కూడా ఉంది. 1950 నుంచి 1955 వరకు చుట్టుపక్కల పల్లెల్లో ఊరూరా తిరిగి, జనానికి ఎక్స్‌రేలు తీసి, ఎవరికి టీబీ ఉందో ఎవరికి లేదో లెక్క రాశారు. జె. ఫ్రిమాట్ మోలర్ రాసిన ఆ నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. జబ్బుల వర్గీకరణ పుస్తకం బాధ్యతను అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో తీసుకుంది. కంప్యూటర్లు లేని ఆ రోజుల్లో మా పక్క పల్లెల్లో మనుషుల ఊపిరిని కాగితం మీద అంత ఓపికగా రాశారన్నమాట. తర్వాత 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, మందులు సరిగ్గా వేసుకుంటే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నట్టే నయమవుతుందని 1959లో తేల్చింది. అందుకే నాయన ఆరోగ్యవరం పోయి పడుకోవాల్సిన పని లేకపోయింది. పుంగనూరు ప్రభుత్వ ఆస్పత్రిలో పేరు రాయించాం. ఆరు నెలల మందులు ఉచితం. నిక్షయ్‌లో నమోదైతే తిండి కోసం నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. 2024 నవంబరుకు ముందు అది 500 ఉండేది.

ఈ ఉద్యోగం సంగతేంటి?

అక్క గురించి చెబితే నా ఫ్రెండ్స్ వెంటనే అడిగే ప్రశ్న ఇది. మీలోనూ కొందరికి వచ్చే ఉంటుంది. కుప్పంలో మెడికల్ కాలేజీ ఉంది కాబట్టి నర్సింగ్, ఫిజియోథెరపీ చదివే పిల్లలు అక్క దగ్గరికి వచ్చి ఇదే అడుగుతారట.

బీఎస్సీ లైఫ్ సైన్సెస్, బీఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ వాళ్లు ఎక్కువగా ఇటు వస్తారు. శరీర నిర్మాణం, వైద్య పదాలు తెలియాలి. సీపీసీ అనే సర్టిఫికెట్‌కి మంచి పేరుంది. నాలుగు గంటల్లో 100 ప్రశ్నలు, పాస్ కావాలంటే 70 శాతం. పుస్తకాలు దగ్గర పెట్టుకుని రాయొచ్చు. "పుస్తకం ఉంది కదా అని పోతే ఫెయిలే" అంటుంది అక్క. ఏ పేజీలో ఏముందో వేలికి తెలిసి ఉండాలట. హైదరాబాద్, చెన్నై, బెంగళూరులో కంపెనీలున్నాయి. కొంత అనుభవం వచ్చాక ఇంటి నుంచి చేసుకునే వీలు కొన్నిచోట్ల దొరుకుతుంది.

చాలామంది కోడింగ్‌నీ, ఏఆర్ కాలింగ్‌నీ కలిపేస్తారు. ఏఆర్ కాలింగ్ అంటే రాత్రిపూట అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకి ఫోన్ చేసి, ఆగిపోయిన డబ్బు గురించి అడగడం. కోడింగ్ ఎక్కువగా పగటి పనే, ఫోన్ ఉండదు, చదవడమే. అయితే రోజుకి ఇన్ని చార్టులు అని లెక్క ఉంటుంది. ఆడిటర్ మళ్లీ చూస్తాడు. 95 శాతం సరిగ్గా లేకపోతే మాట పడుతుంది. ఫీజు కట్టించుకుని ‘ఉద్యోగం గ్యారంటీ’ అనే శిక్షణ కేంద్రాల దగ్గర జాగ్రత్త. అక్క బ్యాచ్‌లోనే అలా మోసపోయిన వాళ్లున్నారు.

మరి ఏఐ వచ్చాక ఈ పని ఉంటుందా? ఎక్స్‌రే లాంటి ఒకే మూసలో ఉండే రిపోర్టులకి సాఫ్ట్‌వేరే కోడ్ సూచించడం ఇప్పటికే నడుస్తోంది. కానీ నోట్‌లో లేని మాటని ఏ సాఫ్ట్‌వేరూ నిజాయితీగా పుట్టించలేదు. "గొట్టం ఉంచినారా, తీసేసినారా?" అని తిరిగి అడిగే మనిషి కావాలి. నాకు తెలిసినంతలో ఆ అడగడమే ఈ ఉద్యోగం.

మీ ఇంట్లో బిల్లు వచ్చినప్పుడు

మన దగ్గర సీపీటీ నంబర్లు ఉండవు. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో ప్యాకేజీలు ఉంటాయి. ఒక చికిత్సకి మొత్తంగా ఒక రేటు. ప్రైవేటు ఇన్సూరెన్స్‌లో ఆస్పత్రి వాళ్ల సొంత రేట్ల పట్టిక. నంబర్లు లేకపోయినా సూత్రం అదే. డాక్టర్ రాసింది, బిల్లులో పడింది ఒకటే అయి ఉండాలి. నేను నేర్చుకున్నవి చెబుతాను.

ఒకటి. మొత్తం ఒక్క లైన్లో ఉన్న బిల్లు తీసుకోవద్దు. విడివిడిగా రాసింది అడగండి. ‘ప్రొసీజర్ ఛార్జీలు’ అని ఉంటే ఏ ప్రొసీజర్, ఏ తేదీ, ఎన్నిసార్లు అని అడగండి.

రెండు. డిశ్చార్జ్ సమ్మరీని సంతకం కాకముందే చదవండి. ఏ వైపు, ఏ పని, ఎన్నిసార్లు అన్నవి ఉన్నాయా చూడండి. బిల్లుతో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఇన్సూరెన్స్ వాళ్లు చేసేదీ ఇదే.

మూడు. ఛాతీలో నీళ్లు తీయించుకుంటే మూడు ప్రశ్నలు చాలు. సూదా, గొట్టమా? గొట్టమైతే లోపల ఉంచారా? స్కానింగ్ చూస్తూ చేశారా? ఈ మూడింటికీ జవాబు కాగితంలో ఉండాలి. రేపు ఇంకో డాక్టర్ దగ్గరికి పోయినా ఇవే అడుగుతారు.

నాలుగు. మీ రికార్డుల నకళ్లు అడిగే హక్కు మీకుంది. 2002 నాటి వైద్య వృత్తి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలి. క్యాష్‌లెస్ అయితే ఆస్పత్రి నుంచి తుది బిల్లు అందిన 3 గంటల్లోగా ఇన్సూరెన్స్ కంపెనీ తేల్చాలని ఐఆర్‌డీఏఐ 2024లో చెప్పింది. కాగితాలు ఒకదానితో ఒకటి కలవకపోతే మాత్రం ఆ మూడు గంటలు మనల్ని ఆదుకోవు.

ఐదు. బిల్లులో తప్పు కనిపిస్తే మోసమనే మొదలుపెట్టొద్దు. ఆ రాత్రి నేను అరిచి ఉంటే కౌంటర్లో అమ్మాయి ఏడ్చేది. ఆ అమ్మాయి ముందున్న స్క్రీన్ అలాగే ఉండేది.

ఆ స్క్రీన్ ఎవరిది?

ఇంతవరకు చెప్పని మాట ఒకటుంది. నేను పనిచేసే కంపెనీ తయారుచేసేది ఆస్పత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేరే. ఆ ఆస్పత్రిలో ఉన్నది మాది కాదు. అయినా ఆ డ్రాప్‌డౌన్ ఎలా పుట్టి ఉంటుందో నాకు బాగా తెలుసు. నేను అలాంటివి ఎన్నో రాశాను. ఎవరో ఒక ఎక్సెల్ షీట్ పంపుతారు. అందులో ఉన్నవి ఎక్కిస్తాం. ‘తప్పనిసరి’ అని ఎర్ర చుక్క పెడతాం. టెస్టింగ్‌లో సేవ్ అయితే చాలు, పని అయిపోయినట్టే. జాబితాలో లేని పని చేయించుకున్న రోగి మాకు ఎప్పుడూ కనిపించడు. వాడేవాళ్లు దగ్గరగా ఉన్నది నొక్కుతారు, సిస్టమ్ ఒప్పుకుంటుంది. అక్కడితో అబద్ధం ఒకటి అచ్చవుతుంది. ఆరోజు దాని ఖరీదు 9,500 రూపాయలు. నాయన రికార్డులో ఆ గొట్టం అలాగే ఉండిపోయి ఉంటే ఎంతో నాకు తెలియదు.

బెంగళూరు పోయిన సోమవారం మా సొంత జాబితా తెరిచాను. ఛాతీ కింద ఐదు ఉన్నాయి. సూదితో నీళ్లు తీయడం మా దాంట్లోనూ లేదు. ఎన్ని ఆస్పత్రుల్లో ఎంతమందికి ‘దగ్గరగా ఉన్నది’ పెట్టి ఉంటారో లెక్క తీసే ధైర్యం ఆ రోజు రాలేదు. తర్వాత మా మేనేజర్‌తో చెప్పి తీశాం. తీసిన లెక్క ఆయా ఆస్పత్రులకు పంపాం.

ముందుగా నేను చేసిన మార్పు గురించి అక్కకి గొప్పగా ఫోన్ చేసి చెప్పాను. జాబితా చివర ‘ఇతరములు’ అని ఒకటి చేర్చానని.

"అది పెడితే రేపటి నుంచి అందరూ అదే నొక్కుతారు" అంది అక్క. "ముందు చేసే పనికి పేరు పెట్టరా. సూదికి సూది, గొట్టానికి గొట్టం. ఏ వైపో అడుగు. స్కానింగ్ ఉందా లేదా అడుగు. అప్పుడు పెట్టుకో నీ ఇతరములు."

పెట్టాను. ఆ వారం మా సాఫ్ట్‌వేర్‌లో ఛాతీ కింద జాబితా ఐదు నుంచి పదకొండు అయింది. నాయన మందులు ఆరో నెలకు వచ్చాయి. మళ్లీ తెల్లవారుజామునే మదనపల్లె మార్కెట్‌కు పోతున్నాడు. క్రేట్లు మాత్రం ఇంకొకరు ఎత్తుతున్నారు.